క్రైస్తవ్యము ఎట్లు వ్యాపించెను? ఒక చరిత్ర గ్రంథమును మన గోదావరి సీమయు

రోమను సామ్రాజ్య చరిత్రను చదువునపుడు విద్యార్థులు తఱచుగా ఒక ప్రశ్న వేయుచుందురు. సైన్యము లేదు, ధనము లేదు, రాజాశ్రయము లేదు. యూదయ దేశమున పుట్టిన యొక చిన్న సమాజము మూడు వందల యేండ్లలో అంత పెద్ద సామ్రాజ్యమునందు ఎట్లు వ్యాపించెను? ఈ ప్రశ్నకు రెండు సులభమైన జవాబులు కలవు. అది దేవుని అద్భుతమని కొందఱందురు. కాన్‌స్టాంటైను చక్రవర్తి ఆదరించుటచేత వ్యాపించెనని కొందఱందురు. మొదటి జవాబు భక్తునికి చాలును. కాని దేవుడు ఏ మనుష్యులను, ఏ సాధనములను వాడుకొనెనో విచారించుట చరిత్ర విద్యార్థి పని. రెండవ జవాబు కాలక్రమమునకే సరిపడదు. చక్రవర్తి 313వ సంవత్సరమున క్రైస్తవులకు స్వేచ్ఛ నిచ్చునాటికే సంఘము ప్రతి ముఖ్య పట్టణమునందును వేరు నాటుకొని యుండెను.

ఈ ప్రశ్ననే తీసికొని అమెరికా దేశపు సమాజశాస్త్ర పండితుడు రాడ్నీ స్టార్కు 1996వ సంవత్సరమున "ది రైజ్ ఆఫ్ క్రిస్టియానిటీ" అను గ్రంథమును ప్రకటించెను. క్రైస్తవ్యము యొక్క అభ్యుదయమని దాని భావము. పండితులకు మాత్రమే గాక సామాన్య చదువరులకును అర్థమగు రీతిని వ్రాయబడుటచే అది పలు దేశములలో చదువబడినది. ఈ వ్యాసమున ముందుగా ఆ గ్రంథము చెప్పు ముఖ్య విషయములను వివరించి, పిమ్మట మన తెలుగు దేశమున, విశేషముగా ఈ గోదావరి డెల్టాలో, క్రైస్తవ్యము వ్యాపించిన విధముతో వానిని పోల్చి చూతము. పరదేశపు గ్రంథమును మన యూరి మట్టిమీద నిలిపి చూచినప్పుడే దానిలో నిలుచునదేదో, నిలువనిదేదో తెలియును.

1. గ్రంథములోని లెక్క

స్టార్కు మొదట ఒక లెక్క వేయుచున్నాడు. క్రీ. శ. 40వ సంవత్సరమున క్రైస్తవులు వేయిమంది యుండిరనుకొందము. ప్రతి పదేండ్లకును వారి సంఖ్య నూటికి నలువది చొప్పున పెరిగినదనుకొందము. అప్పుడు 50వ సంవత్సరమునకు 1,400 మంది, 100వ సంవత్సరమునకు సుమారు 7,500 మంది, 200వ సంవత్సరమునకు సుమారు 2,18,000 మంది, 300వ సంవత్సరమునకు సుమారు 63 లక్షల మంది యగుదురు. సామ్రాజ్యమున ఆఱు కోట్ల జనులుండిరని అతడు ఎంచెను గాన నూటికి పదిమందికి పైగా క్రైస్తవులైరన్నమాట. పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను తామే వేసి చూచుకొనవచ్చును. చక్రవడ్డీ సూత్రమే చాలును.

పదేండ్లకు నూటికి నలువది యన్న పెద్దదిగా తోచును. సంవత్సరమునకు లెక్కించినచో నూటికి మూడున్నర కంటెను తక్కువ. అనగా నూఱుగురు గల సంఘము సాలునకు ముగ్గురిని లేక నలుగురిని చేర్చుకొనిన చాలును. వేలకొలది జనులు ఒక్క దినమున మాఱవలెనన్న యగత్యము లేదు. మొదట నూఱేండ్లవఱకు ఆ సంఘము లోకుల కంటికి ఆననంత చిన్నది. మూడవ శతాబ్దిలో హఠాత్తుగా పొంగినట్లు కనబడును. పొంగినది సంఖ్యయే గాని వేగము కాదు.

మొదటి వేయిమంది యన్నది ఊహ యని స్టార్కే ఒప్పుకొనుచున్నాడు. ఆ కాలపు జనాభా లెక్కలు లేవు. కాబట్టి ఆ యంకెలను చరిత్రలో జరిగిన సంగతిగా గాక, ఇట్లు జరుగుట సాధ్యమే యని చూపు లెక్కగా మనము గ్రహింపవలెను. చరిత్రకారులు కొందఱు ఈ విషయమున అతనిని విమర్శించిరి గూడ.

2. బంధుత్వపు త్రోవ

సంవత్సరమునకు ఆ ముగ్గురు నలుగురు ఎట్లు వచ్చిరి? స్టార్కు తన యౌవనమున, 1960 ప్రాంతముల, జాన్ లోఫ్‌లండు అను మిత్రునితో గూడి కొరియా దేశమునుండి అమెరికాకు క్రొత్తగా వచ్చిన యొక చిన్న మతసమాజమును దగ్గఱ నుండి పరిశీలించెను. ఉపన్యాసములు విని అందు చేరినవారు మిక్కిలి తక్కువ. చేరినవారు తఱచుగా ఆ సమాజములో స్నేహితుడో, బంధువో, పొరుగువాడో ఉన్నవారే. ఈ యనుభవమును ఆదిసంఘమునకు అన్వయించి, విశ్వాసము ఇంటినుండి ఇంటికి, బంధువునుండి బంధువునకు నడచినదని అతడు చెప్పుచున్నాడు. అపొస్తలుల కార్యములు చదివినవారికి ఇది క్రొత్త కాదు. కొర్నేలీ తన బంధువులను ముఖ్య స్నేహితులను పిలిపించుకొనెను. లూదియయు ఫిలిప్పీలోని చెఱసాల నాయకుడును ఇంటివారితో గూడ బాప్తిస్మము పొందిరి.

రెండవ కారణము సేవ. 165వ సంవత్సరమునను 251వ సంవత్సర ప్రాంతమునను సామ్రాజ్యమున గొప్ప తెవుళ్లు వ్యాపించెను. భయపడి రోగులను విడిచిపోవుట సామాన్యమైన ఆ దినములలో క్రైస్తవులు నిలిచి రోగులకు నీళ్లును ఆహారమును ఇచ్చి సేవించిరని అలెగ్జాండ్రియ అధ్యక్షుడైన దియొనీసియు వ్రాసిన లేఖ వలన తెలియుచున్నది. ఔషధము లేకున్నను నీరును ఆహారమును అందినచో బ్రదుకు రోగులు పెక్కుమంది యుందురు. నాల్గవ శతాబ్దిలో క్రైస్తవ్యమునకు విరోధియైన జూలియను చక్రవర్తి సయితము, వీరు తమ బీదలనే గాక మన బీదలను గూడ పోషించుచున్నారని తన పూజారులకు బుద్ధి చెప్పెను. విరోధి యిచ్చిన సాక్ష్యమునకు విలువ హెచ్చు.

3. మన డెల్టాకు వచ్చిన త్రోవ

ఇపుడు మన సీమకు వత్తము. 1836వ సంవత్సరమున ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ దొరగారి వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపులు పట్టణమునుండి ఇద్దఱు యువకులు భార్యలతో గూడ హిందూదేశమునకు వచ్చిరి. ఒకరు విలియం బౌడెను, ఆయన రాతిపనివాడు. మఱియొకరు జార్జి బీరు. ఆయన చెప్పులు కుట్టువాడు. వారికి విశ్వవిద్యాలయపు పట్టములు లేవు. జీతమిచ్చు పెద్ద సంఘము వెనుక లేదు. నరసాపురము, పాలకొల్లు వారికి నివాసములైనవి. గోదావరి డెల్టా మిషను అట్లు ప్రారంభమైనది.

1847లో ఆర్థరు కాటను దొరగారు ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని ప్రారంభించిరి. అది 1852లో పూర్తియైనది. రాళ్లు మోయుటకును మట్టి త్రవ్వుటకును నలుదిక్కుల గ్రామములనుండి వేలకొలది కూలీలు అచ్చట గుమిగూడిరి. ఈ మిషనెరీలు అచ్చటికి పోయి వారికి బోధించిరి. ఊరూర వెదకి పోవలసిన జనులు ఒక్కచోట దొరికిరి. వినినవారు పని ముగించుకొని తమ తమ పల్లెలకు మాటను మోసికొని పోయిరి. పౌలు రోమను బాటల వెంబడి నడచినట్లే ఇచ్చట సువార్త కాలువల వెంబడి నడచినది. ఆనకట్ట పిమ్మట కాలువలు పొలములకు నీటినే గాక పడవలను గూడ తెచ్చెను. ఏలూరు కాలువ గోదావరి సీమను కృష్ణా సీమతో కలిపెను. బోధకులు పడవలలో కాపురముండి గట్టుప్రక్క గ్రామములను దర్శించుట ఈ జిల్లాలలో చిరకాలము వాడుక.

బీరు దొరగారు 1853లో మరణించిరి. ఆయన భార్య స్వదేశములోనే నిలిచిపోక ఈ సీమలో పనిని సాగించెను. కుమారులును పిమ్మట నరసాపురమున పనిచేసిరి. ఇచ్చట గూడ విశ్వాసము ఇంటి త్రోవనే నడచినది.

ఉత్తరమున రాజమహేంద్రవరమునందు జర్మనీ దేశపు వాలెట్టు దొరగారు 1845లో లూథరను పని ప్రారంభించిరి. ద్రవ్యలోపముచే అది కొలది సంవత్సరములలో అమెరికా లూథరనుల చేతికి వచ్చెను. ఆ పని మన తణుకునకు చేరువనున్న వేల్పూరు వఱకును, భీమవరము వఱకును వ్యాపించెను. గుంటూరు మిషనును 1842లో స్థాపించిన హేయరు దొరగారు, రాజమహేంద్రవరపు పని తమ సంఘము విడిచిపెట్టనున్నదని విని, డెబ్బది దాటిన వయస్సున అమెరికానుండి మరల బయలుదేరి వచ్చిరి.

4. బందరు పాఠశాలయు రాఘవాపురమును

ఇచ్చట ఒక పోలిక విద్యార్థులు బాగుగా గమనింపదగినది. 1841లో రాబర్టు నోబిలు, హెన్రీ ఫాక్సు దొరలు బందరు చేరిరి. 1843లో నోబిలు దొరగారు ఉన్నత కులముల బాలురకు పాఠశాల తెఱచిరి. పైనున్నవారు మాఱినచో క్రిందివారు తామే మాఱుదురని ఆ కాలమున పలువురి తలంపు. 1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇద్దఱు విద్యార్థులు బాప్తిస్మము పొందిరి. వెంటనే పాఠశాల యించుమించు ఖాళీయైనది. ఆ యువకులు ఇంటిని, బంధువులను, ఆస్తిని విడిచి రావలసి వచ్చినది. బంధుత్వపు త్రోవ వారి వెనుక మూసికొనిపోయినది గాన వారి వెంట వారి కులమువారు రాలేదు.

ఏడేండ్లకు, 1859లో, మఱియొక సంగతి జరిగినది. కృష్ణా జిల్లా రాఘవాపురమునందు పగోలు వెంకయ్య యను మాల గృహస్థు ఉండెను. ఆయన పూర్వ జీవితము మంచిది కాదు. విగ్రహారాధనపై విశ్వాసము పోయి, నిజదేవుడెవడని వెదకుచు బెజవాడలోనున్న డార్లింగు దొరగారి యొద్దకు తానే పోయెను. ఆయన బాప్తిస్మము పొందినపుడు ఒంటరిగా లేడు. ఇంటివారును బంధువులును తోడ నుండిరి. ఆయనకు త్రోవ మూసికొనలేదు. వియ్యపువారి యూళ్లకు, చుట్టముల పల్లెలకు మాట పోయినది. కృష్ణా, గోదావరి సీమల గ్రామ సంఘములు అట్టి బంధుత్వముల వెంబడి పెరిగెను.

దీనిచే పాఠశాల వ్యర్థమని తలంపరాదు. రత్నముగారును భూషణముగారును గురువులుగా అభిషేకము పొందిరి. పల్లెలలో పుట్టిన సంఘములకు బోధించువారు, చదివించువారు కావలసి వచ్చినపుడు పాఠశాలలే వారిని తయారుచేసెను. విత్తు ఒక త్రోవను వచ్చినది. కాపు ఇంకొక త్రోవను వచ్చినది.

5. ఒంగోలు: తోళ్ల వర్తకుని ప్రయాణము

బంధుత్వపు త్రోవకు అన్నిటికంటె స్పష్టమైన దృష్టాంతము ఒంగోలు. ఎఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ గృహస్థు తోళ్ల వర్తకము చేయుచు ఉత్తరపు సీమకు పోవుచుండెను. అచ్చట క్రైస్తవుడైన తన బంధువు నోట మొదట ఈ మాట వినెను. ఏలూరులోని అలెగ్జాండరు దొరగారు, ఒంగోలునకు ఒక మిషనెరీ రానున్నాడు, కనిపెట్టుమని చెప్పిరి. పేరయ్య తన గ్రామమునకు మరలి, తాను వినిన కొంచెమును బంధువులకు చెప్పుచు కనిపెట్టెను. 1866లో ఆయనయు భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. అమెరికా బాప్తిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు ఆయన గ్రామమునకు పోవునప్పటికి వినుటకు జనులు సిద్ధముగా నుండిరి. మిషనెరీ కంటె ముందే చుట్టము ఆ యూరు చేరెను.

1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనమండుగురు సభ్యులతో ఏర్పడెను. పిమ్మట 1876 మొదలు 1878 వఱకు ఘోరమైన కఱవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో కొంతభాగము త్రవ్వు పనిని కంట్రాక్టుకు తీసికొని వేలమందికి కూలి చూపిరి. కఱవు సాగినంతకాలము బాప్తిస్మము నియ్యక ఆపివేసిరి. సహాయము పంచుట ముగిసిన తరువాత, 1878 జూన్ మాసమున, మరల ఆరంభించిరి. జూలై 3వ తేదీన వెలంపల్లివద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బోధకులు ఆఱుగురు, ఒకసారి ఇద్దఱు చొప్పున పని చేసిరి. ఆఱు వారములలో ఎనిమిది వేలకు మించి చేరిరి.

6. గ్రంథము సరిపడని చోట్లు

స్టార్కు గ్రంథము మన దేశమున మూడు చోట్ల సరిపడదు. ఒకటి, ఆదిక్రైస్తవులు పట్టణ వాసులనియు, వారిలో మధ్యతరగతివారు, కలిగినవారు తఱచుగా నుండిరనియు అతడు వాదించును. మన సంఘము పట్టణములలో గాక పల్లెలలో, ఊరికి వెలుపల నుంచబడిన పేటలలో పెరిగినది. రెండు, మెల్లని సమవేగపు పెరుగుదల అతని లెక్కకు ఆధారము. ఒంగోలున ఎనమండుగురు పండ్రెండేండ్లలోపల వేలైరి. కొన్ని సీమలలో దీర్ఘకాలము పదులే మిగిలిరి. మూడు, అతని దృష్టిలో మాఱువాడు వ్యక్తి. ఇచ్చట పెద్దలు రాత్రి చావడిలో కూర్చుండి, వాదించి, కుటుంబములు కుటుంబములుగా నిర్ణయించుకొనిరి.

అట్లయినను అతని ముఖ్య సూత్రము ఇచ్చట మఱింత బలపడుచున్నది. గుండ్లకమ్మ యొడ్డున నిలిచిన 2,222 మంది ఒకరినొకరు ఎఱుగని జనసమూహము కాదు. తెలిసినవారు తెలిసినవారికి చెప్పగా, పదునైదు మాసములు కనిపెట్టిన కుటుంబములవి.

7. ఒక ఆక్షేపణకు జవాబు

మన విద్యార్థులు బజారులోను, రైలుబండిలోను ఒక మాట వినుచుందురు: మీ తాతలు అన్నము కొఱకు మతము పుచ్చుకొనిరి. దీనికి కోపముతో గాక చరిత్రతో జవాబు చెప్పవలెను.

కఱవులో బాప్తిస్మము ఆపబడిన సంగతి మొదటి జవాబు. రెండవది, చేరినవారు పొందినదానితో పాటు పోగొట్టుకొనినదానిని గూడ లెక్కింపవలెను. ఒంగోలు సీమలో క్రైస్తవులగువారికి క్లౌ దొరగారు మూడు సూత్రములు చెప్పిరి: ఆదివారము పని చేయకుడు, చచ్చిన పశువు మాంసము తినకుడు, విగ్రహములకు మ్రొక్కకుడు. వినుటకు చిన్నవి. కాని గ్రామ జాతరలో డప్పు కొట్టుట, ఏ దినమని అడుగక పిలిచినపుడు పనికి పోవుట మాదిగలకు వంశపారంపర్యపు విధులు. వానిని మానినవారికి గ్రామాధికారులు కూలి మాన్పించిరి, బావికి పోనీయరైరి, కొట్టిరి. అన్నము కొఱకే వచ్చినవాడు అన్నము పెట్టు చేతిని అట్లు ఎదిరింపడు.

మూడవ జవాబు మఱింత ముఖ్యమైనది. అందఱును ఆత్మ విషయమునకే వచ్చిరని చెప్పుటయు సత్యము కాదు. పిల్లవానికి అక్షరములు రావలెనని, అవమానము తొలగవలెనని, రోగమునకు మందు దొరకవలెనని కోరి వచ్చినవారు కలరు. అది సిగ్గుపడదగిన సంగతి కాదు. వేల సంవత్సరములు బడి గుమ్మమునకు వెలుపల నిలిచినవాడు లోపలికి రాగోరుట మనుష్యధర్మము. యేసునొద్దకు వచ్చిన కుష్ఠరోగి స్వస్థత కొఱకే వచ్చెను. ఆయన వానిని పొమ్మనలేదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కూగ్లరుగారు వైద్యము చేయునపుడు రోగిని మతమడుగలేదు. దియొనీసియు వ్రాసిన ఆ పురాతన సేవయే అది.

ఆక్షేపించువారును, దొరల గొప్పతనమునే పొగడువారును ఒక్క తప్పే చేయుచున్నారు. ఇరువురును మన తాతలను ఎవరో నడిపిన మందగా చూచుచున్నారు. పేరయ్య వెదకెను, వెంకయ్య ప్రశ్నించెను, నాగమ్మ భర్తతో సమానముగా నిర్ణయించుకొనెను. గ్రంథములలో పేరు పడినవారు వీరు కొలదిమందియే. ఆనకట్టమీద వినిన మాటను ఇంటికి తెచ్చిన కూలీ పేరు, అత్తవారింట పాడి వినిపించిన కోడలి పేరు ఎచ్చటను వ్రాయబడలేదు. స్టార్కు లెక్కలోని ఆ ముగ్గురు నలుగురు వారే.

8. సెలవులలో చేయదగిన పని

విద్యార్థులారా, ఈ పాఠము ఇచ్చటితో ముగియదు. సెలవులలో మీ యింటి పెద్దలను నాలుగు ప్రశ్నలడిగి జవాబులను వ్రాసికొనుడు. మన కుటుంబమున ఈ విశ్వాసమును మొదట ఎవరు వినిరి? వారికి చెప్పినవారు ఏ వరుస చుట్టము? చేరినందువలన వారు ఏమి పోగొట్టుకొనిరి? ఏమి పొందిరి? పెద్దలు చెప్పినది వారి మాటలలోనే వ్రాయుడు. సంవత్సరము తెలియనిచో ఏ తుపానునకు, ఏ వరదకు ముందో వెనుకో అడుగుడు.

క్రైస్తవేతర కుటుంబముల విద్యార్థులకు గూడ ఈ పని కలదు. మీ యూరికి మొదటి బడి, మొదటి టీకాలు, లేక మీ యింట మొదటి చదువు ఎవరి ద్వారా వచ్చెనో అడుగుడు. క్రొత్త సంగతి ఏదైనను మనుష్యులలో ఏ త్రోవను నడచునో పోల్చి చూచుటకు అది ఉపయోగపడును. ఒకరి యింటి చరిత్ర నొకరు వినుటచే పరస్పర గౌరవమును పెరుగును.

తరగతిలో గోడకు ఒక పటము తగిలించి, ప్రతి జవాబునకు ఒక గీత గీయుదము: చెప్పిన యూరినుండి వినిన యూరికి. తొంబదియేండ్ల అవ్వలు మన పల్లెలలో నేటికిని కొందఱు కలరు. వారి జవాబులను ముందు వ్రాసికొనుడు.